తామరకు ముందుగా రక్తపరీక్ష

తెలుగులో తామర అన్నా, ఉర్దూలో దాద్ అన్నా మనవారి దృష్టిలో అది స్వల్పవ్యాధి. పైగా నలుగురిలో చెప్పుకొనలేని వ్యాధి. అందువల్ల ప్రొద్దుటూరు బంగారు అంగడిలో ప్రొద్దస్తమానం కూర్చుండే వర్తకుడు గాని, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనిలో చెమటోడ్చే కార్మికుడు గాని, పులివెందుల చీనీతోటలో తడినేలపై పనిచేసే కూలీ గాని దీనికై వైద్యుని దరి చేరడం అరుదు. మందుల అంగడిలో ఒక ట్యూబు కొని రాసుకొంటారు. వారంలో దురద తగ్గుతుంది. నెలలో రెండింతలై మరలి వస్తుంది. ఇట్టివారికి ముందుగా కావలసినది మరొక ట్యూబు కాదనీ, రక్తపరీక్ష అనీ నా అభిప్రాయం.

మనదేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎందరికో తమ వ్యాధి సంగతి తెలియదు. రక్తంలో చక్కెర మితిమీరితే శరీర రక్షణశక్తి సన్నగిల్లి, చర్మపు మడతలలో శిలీంధ్రాలు సులభంగా పాతుకొంటాయి. గజ్జలలో, కాలివ్రేళ్ల సందులలో మానని తామర ఒక్కొక్కప్పుడు మధుమేహానికి తొలి సూచన కావచ్చు. పాదాలలో స్పర్శజ్ఞానం కూడా నశిస్తే వ్రేళ్లసందున పగులు ఏర్పడినా తెలియదు. అందులో చీము చేరి, తుదకు కాలినే బలిగొనవచ్చు. దీనిని స్వల్పవ్యాధి అనగలమా?

ఇక ఆ ట్యూబు సంగతి. ఇట్టి పూతమందులు పెక్కింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురదను, ఎరుపును అణచి వ్యాధి తగ్గిందన్న భ్రమ కల్పిస్తుంది. శిలీంధ్రం మాత్రం విస్తరిస్తూనే ఉంటుంది. 14 రకాల స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. కాని కొనేవారు అడగడం మాననంతవరకు నిబంధన ఒక్కటే ఏమి చేయగలదు?

సరియైన మార్గం కష్టమైనది కాదు. మచ్చ అంచున పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి సూక్ష్మదర్శినితో చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి. పిమ్మట, మచ్చ మాసినప్పటికీ, వైద్యుడు చెప్పినన్ని వారాలు మందు వాడాలి. చక్కెర మాత్రలు వాడేవారు ఆ సంగతి వైద్యునికి తప్పక తెలపాలి. ఫ్లుకొనజోల్ వంటి మందు గ్లిమెపిరైడ్‌తో కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వజూ చేసిన పిదప వ్రేళ్లసందులు పొడిగా తుడుచుకొన్న తరువాతనే మేజోళ్లు తొడగాలి.

విద్యార్థులారా! ఇంటిలో పెద్దలు మందుపెట్టెపై అక్షరాలు చదివించుకొనేది మీ చేతనే. క్లోబెటసాల్, బీటామెథసోన్ అన్న పేర్లు కనిపిస్తే అబ్బాకో, అమ్మీకో అది స్టెరాయిడ్ అని చెప్పండి. సిగ్గు విడిచి వైద్యుని చూడమని బ్రతిమాలండి. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: ఏటా ఒకనాడు విద్యార్థుల కుటుంబాలకు చర్మపరీక్షను, చక్కెర పరీక్షను ఒకేచోట జరిపించండి.