కోడిపిల్లకు మొదటి మూడు వారాలు

ధనుర్మాసంలో లేచిన కోడిపిల్లలు వారం తిరక్కుండా ఒక్కొక్కటే వాలిపోయాయన్న మాట చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో తరచూ వింటుంటాం. దిష్టి తగిలిందంటారు, తెగులొచ్చిందంటారు. చాలా ఇళ్ళలో వాటిని చంపుతున్నది తెల్లవారుజాము చలి.

మన డెల్టాలో చలి ఏపాటిది? మనకైతే ఒక దుప్పటి చాలు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు మాత్రం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఒంటిమీది నూగు వేడిని నిలపలేదు, ఈకలు వచ్చేదాకా తల్లి రెక్కలే దిక్కు. తిండికి అంత తొందర లేదు. పొట్టలోకి లాక్కున్న పచ్చసొనతో రెండు మూడు రోజులు నెట్టుకొస్తుంది. హేచరీల నుంచి రోజు పిల్లలు అట్టపెట్టెల్లో జిల్లాలు దాటి ప్రాణాలతో రాగలిగేది అందుకే. వెచ్చదనానికి అలాంటి గడువేమీ లేదు.

నాటు పెట్ట ఉన్న ఇంట్లో ఈ భారమంతా అదే మోస్తుంది. గంపలో గడ్డి పరిచి పది పన్నెండు గుడ్లు పెడితే, 21 రోజులు వాటిని తిప్పుకుంటూ పొదిగి, పిల్లలు లేచాక రెక్కల కింద దాచుకుంటుంది. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో బొగ్గుముక్కో ఇనుపముక్కో వేస్తుంటారు. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూసి, లోపల నరాలు కనపడని గుడ్లను తీసెయ్యడం అంతకంటే మేలు. పొదగడంలో అసీల్ పెట్టలు గట్టివి. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ అందించిన వనరాజా, గ్రామప్రియ పెరటికి బాగా నప్పుతాయి, గుడ్లూ ఎక్కువ పెడతాయి, కానీ పొదుగుకు కూర్చోవు. వాటి పిల్లల్ని కొని తెచ్చుకున్నవాళ్ళకు తల్లి బదులు బ్రూడరు కావాలి.

అదేమీ ఖరీదైన యంత్రం కాదు. రేకునో అట్టనో గుండ్రంగా చుట్టి నిలబెట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. కింద రెండంగుళాల మందాన ఊక పరవాలి, రైసు మిల్లులున్న మన సీమలో దానికి కొదవ లేదు. పైన బల్బు, పిల్లకు రెండు వాట్ల లెక్కన. ఇక్కడే ఇప్పుడు చిక్కు వచ్చిపడింది. 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఇంటింటికీ ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు బిల్లు తగ్గింది, సంతోషమే. కానీ పిల్లలకు కావలసింది వెలుగు కాదు, వేడి. ఎల్‌ఈడీ వేలాడదీసి ‘బల్బు పెట్టాం కదా’ అని నిశ్చింతగా పడుకుంటే పొద్దున్నకు పిల్లలు మిగలవు. పాతరకం ఫిలమెంటు బల్బు వెతికి తెచ్చుకోవాల్సిందే.

థర్మామీటరు లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కింద గుంపుకట్టి కిచకిచమంటుంటే చలి. దూరంగా పోయి నోళ్ళు తెరుచుకుంటే వేడి ఎక్కువైంది. అంతటా చెదిరి గింజలేరుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. తుపాను రోజుల్లో కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పెట్టండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, ఆ గాలి పిల్లలకే కాదు, పక్కన పడుకున్న మనుషులకూ ప్రాణాంతకం. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు వేయించడం మరవొద్దు.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. పెరటికోళ్ళ పథకాల్లో మదర్ యూనిట్లు పెట్టి, పిల్లల్ని నాలుగు వారాలు సాకాకే పేద కుటుంబాలకు ఇవ్వాలన్నారు. ఆ యూనిట్లు మండలానికొకటి ఉండాలి, వాటిని డ్వాక్రా మహిళల చేతుల్లో పెట్టాలి. నేర్పడానికి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. 2014 నుంచి తెల్లవారకముందే లేచి వీధులు ఊడుస్తున్న స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్న ఊరికి, పాతిక పిల్లలకు రాత్రిపూట కాపలా కాసే ఓపిక లేదంటే నేను నమ్మను.

ఇంకొక్క మాట. తిరునాళ్ళలో గులాబీ, ఆకుపచ్చ రంగులద్ది అమ్మే పిల్లల్ని కొనకండి. అవి చాలావరకు హేచరీలు పనికిరావని పక్కనపెట్టిన పుంజుపిల్లలు. పుట్టింది మొదలు వెచ్చదనం ఎరగని ఆ ప్రాణాల్ని పిల్లల చేతికి ఆటబొమ్మల్లా ఇవ్వడం పాపం. ఇంట్లో పిల్లలు మరీ ముచ్చటపడితే, ముందురోజే బ్రూడరు వెలిగించి పెట్టుకుని, ఆ తర్వాతే మంచి పిల్లల్ని తెండి.