దళితబంధు: డబ్బు సరే, లిస్టు ఎవరు రాశారు?

"లిస్టులో పేరుందా?" 2023 ఆగస్టులో తెలంగాణ ముస్లిం మొహల్లాల్లో ఎక్కడ చూసినా ఇదే మాట. మైనారిటీలకు లక్ష రూపాయల సాయం, నూరు శాతం సబ్సిడీ, బ్యాంకు గడప తొక్కక్కర్లేదు అని అప్పటి బీఆర్ఎస్ ప్రభుత్వం చెప్పింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడం పెద్ద పని కాదు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది: కార్పొరేటర్‌ను పట్టుకోవాలా, ఎమ్మెల్యే మనిషిని పట్టుకోవాలా అన్న తిరుగుడు.

అంతకు రెండేళ్ల ముందే ఇదే ప్రశ్న దళితవాడల్లో మొదలైంది. అక్కడ పైసలు పది రెట్లు. కుటుంబానికి 10 లక్షలు. దళితబంధు అనే ఆ పథకం ఇప్పుడు నడవడం లేదు. కానీ దాన్ని పోలిన పథకాలు మళ్లీ వస్తూనే ఉన్నాయి, వాటిలో మైనారిటీల వాటా కూడా ఉంటోంది. అందుకే దళితబంధులో ఏది నడిచింది, ఏది నడవలేదు అన్న లెక్క దళిత కుటుంబాలకే కాదు, ముస్లిం కుటుంబాలకూ కావాలి.

ముందు పథకంలోని మంచి చెప్పాలి. పేదోళ్లకు స్వయం ఉపాధి అనగానే దశాబ్దాలుగా నడిచింది ఒకటే పద్ధతి. కార్పొరేషన్ కొంత సబ్సిడీ ఇస్తుంది, మిగతాది బ్యాంకు లోను. బ్యాంకు మేనేజరు ష్యూరిటీ అడుగుతాడు. ష్యూరిటీ ఇవ్వగలిగినోడు అసలు పేదోడే కాదు. దళితబంధు ఈ ముడిని తెంచేసింది. లోను లేదు, వాయిదా లేదు, తిరిగి కట్టేది లేదు. ఏ పని చేసుకోవాలో కుటుంబమే ఎంచుకోవచ్చు. 10 లక్షల్లోంచి 10 వేలు పక్కనపెట్టి, ప్రభుత్వం అంతే కలిపి, కష్టకాలంలో ఆదుకునే రక్షణ నిధి కూడా పెడతామన్నారు. దేశంలో ఏ రాష్ట్రమూ ఒక్కో దళిత కుటుంబం చేతిలో ఇంత పెట్టుబడి పెట్టే సాహసం చేయలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఏ పార్టీ కండువా కప్పుకోనక్కర్లేదు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? పథకం రెండు రకాలుగా అమలైంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

మొదటిది, అందరికీ ఇచ్చిన పద్ధతి. 2021 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దత్తత గ్రామం వాసాలమర్రిలో 76 దళిత కుటుంబాలకు 7 కోట్ల 60 లక్షలు విడుదల చేశారు. ఊళ్లో ఎన్ని దళిత ఇళ్లున్నాయో అన్నింటికీ. అదే నెల 16న హుజూరాబాద్ నియోజకవర్గం శాలపల్లిలో పథకాన్ని అధికారికంగా మొదలుపెట్టి, నియోజకవర్గం మొత్తానికి వర్తింపజేస్తామన్నారు. ఆ తర్వాత చింతకాని, తిరుమలగిరి, చారగొండ, నిజాంసాగర్ మండలాలు చేర్చారు. ఉప ఎన్నిక ముందు హుజూరాబాద్‌నే ఎందుకు ఎంచుకున్నారో చిన్నపిల్లాడికీ తెలుసు. అక్టోబరులో ఎన్నికల సంఘం అక్కడ పథకాన్ని ఆపించింది, నవంబరు 2న వచ్చిన ఫలితంలో ఈటల రాజేందర్ బీజేపీ తరఫున గెలిచారు. డబ్బు పంచితే ఓట్లు పడతాయన్న లెక్క అక్కడే తప్పింది. అదలా ఉంచితే, ఈ ఊళ్లలో ఒక విషయం గమనించాలి. ప్రతి ఇంటికీ వస్తుందని తెలిసినచోట "నా పేరు రాయించు" అని ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. దళారీకి అమ్ముకోవడానికి సరుకే లేదు.

రెండోది, లిస్టు పద్ధతి. రాష్ట్రంలోని 119 నియోజకవర్గాల్లో మొదట నూరేసి కుటుంబాలకు ఇవ్వాలన్నారు. ఒక్కో నియోజకవర్గంలో దళిత కుటుంబాలు వేలల్లో ఉంటే వాటిలో నూరు! ఎవరిని తీసుకోవాలి? భూమి లేనివాళ్లు ముందా, ఒంటరి ఆడవాళ్లు ముందా, చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు ముందా? ఎవరికైనా చూపించగలిగే వరస లేదు. ఎంపిక ఆచరణలో ఎమ్మెల్యేల చేతికి పోయింది.

తర్వాత జరిగింది ప్రతిపక్షం చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. 2023 ఏప్రిల్‌లో పార్టీ సమావేశంలో కేసీఆరే తమ ఎమ్మెల్యేల్లో కొందరు దళితబంధు లబ్ధిదారుల దగ్గర మూడేసి లక్షలు వసూలు చేశారని, వాళ్ల చిట్టా తన దగ్గరుందని హెచ్చరించినట్టు పత్రికలన్నీ రాశాయి. 10 లక్షల్లో 3 లక్షలు అంటే ముప్పై శాతం. ఏ వడ్డీ వ్యాపారీ మొదటిరోజే అంత కోసుకోడు. బ్యాంకును తప్పించారు సరే, బ్యాంకు కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు.

అంతకు ముందే, 2022 నవంబరులో, హైకోర్టు ఈ విషయం తేల్చింది. ఎమ్మెల్యే సిఫారసు లేదని తమ దరఖాస్తులు పక్కనపెట్టారని వరంగల్‌కు చెందినవాళ్లు కోర్టుకు పోతే, సిఫారసు అవసరం లేదు, దరఖాస్తులను నేరుగా కమిటీ పరిశీలించాలని తీర్పు వచ్చింది. కానీ కోర్టు తీర్పు వచ్చినంత మాత్రాన ఊళ్లో పలుకుబడి మారిపోదు కదా.

ఇక అంకెల సంగతి. రాష్ట్రంలో దళిత కుటుంబాలు సుమారు 17 లక్షలని అప్పటి ప్రభుత్వమే చెప్పింది. పదేసి లక్షల చొప్పున లెక్కేస్తే లక్షా 70 వేల కోట్లు. 2022-23 బడ్జెట్‌లో 17,700 కోట్లు పెట్టారు, మరుసటి ఏడాదీ అంతే. ఒక్క ఏడాది బడ్జెట్ పూర్తిగా ఖర్చయినా లక్షా 77 వేల కుటుంబాలకు అందాలి. మొత్తం మీద అందినవి సుమారు 38 వేల కుటుంబాలు. నూటికి రెండు పైచిలుకు. బడ్జెట్ పుస్తకంలో రాసిన అంకె వేరు, ఖజానా నుంచి బయటికొచ్చిన పైసా వేరు అని డిగ్రీలో అకౌంట్స్ చదివిన ఎవరికైనా తెలుసు. ఎన్నికల సభల్లో మాత్రం ఎప్పుడూ మొదటి అంకే వినిపిస్తుంది.

డబ్బు అందినవాళ్ల సంగతీ చూడాలి. చాలామంది వాహనాలే కోరుకున్నారు. కార్లు, ట్రాక్టర్లు, సామాన్లు మోసే ఆటోలు. ఇందులో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. నిన్నటిదాకా ఒకరి కారు తోలినోడు తన పేరుతో కారు కావాలనుకోవడం సహజమే. అధికారులకూ అదే సులువు: షోరూంకు డబ్బు పంపిస్తే యూనిట్ మొదలైనట్టు లెక్క. కానీ బండి కొన్న రోజు నుంచే దాని విలువ తగ్గుతుంది. ఒకే మండలంలో వందల బండ్లు ఒక్కసారి దిగితే కిరాయి పడిపోతుంది. డీజిల్, ఇన్సూరెన్స్, టైర్లకు చేతిలో రొక్కం కావాలి. 10 లక్షలు బండికే పోతే నడిపించడానికి మిగిలేదేంటి? పెట్టుబడి ఒక్కటే ఇచ్చి వ్యాపారం నేర్పకపోతే, మార్కెట్ చూపించకపోతే, రెండేళ్లకు బండి ఇంకొకరి పేరు మీదికి పోతుంది. ఆ 38 వేల యూనిట్లలో ఇవాళ ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని అమ్ముడుపోయాయి అని ఊరూరా తిరిగి చూసి ఆ నివేదిక జనం ముందు పెట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 10 కాదు 12 లక్షలిస్తామని కాంగ్రెస్ ఎన్నికల్లో చెప్పింది, అంబేద్కర్ అభయహస్తం అని పేరు కూడా పెట్టింది. హుజూరాబాద్‌లో మాత్రం రెండో విడత సొమ్ము కోసం పాత లబ్ధిదారులు 2024 నవంబరులో రోడ్డెక్కారు. షెడ్డు సగం లేపి ఆగిపోయినోడికి ఏ ప్రభుత్వం ఇచ్చిందన్నది కాదు, మిగతా సగం ఎప్పుడన్నదే ప్రశ్న.

పథకం పేరు ముఖ్యమంత్రితో ముడిపడితే ఇంతే. భూమి లేని దళిత కుటుంబానికి మూడెకరాలు అని 2014 ఆగస్టు 15న ఆర్భాటంగా మొదలైన పథకం సుమారు ఏడు వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ఆర్ చేయూత దీనికి పూర్తిగా వేరే దారి. 45 నుంచి 60 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏడాదికి 18,750 చొప్పున నాలుగేళ్లలో 75 వేలు. చిన్న మొత్తమే, దాంతో ఎవరి బతుకూ తలకిందులుగా మారదు. కానీ వయసు, కులం, ఆదాయం అనే నిబంధన రాసిపెట్టి ఉంది, లిస్టు సచివాలయం గోడ మీద ఉంది. పేరు లేనామె ఎందుకు లేదని అడగగలిగింది. కడప, కర్నూలు వైపు ముస్లిం ఇళ్లలో ఈ తేడా బాగా తెలుసు. అయితే 2024లో అక్కడా ప్రభుత్వం మారింది, ఆ పథకమూ ఆగింది.

ప్రభుత్వం మారినా నిలిచింది ఒకటుంది: చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం జనాభా దామాషాలో బడ్జెట్ కేటాయించాల్సిందేనంది. తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చి, ఒక ఏడాది ఖర్చు కానిదాన్ని తర్వాతి ఏడాదికి కలపాలని రాసుకుంది. ఆంధ్రప్రదేశ్ పదేళ్ల గడువు ముగియబోతుంటే 2023లో మరో పదేళ్లు పొడిగించింది. అందరికీ ఇచ్చే పింఛన్లు, సబ్సిడీల్లో దళితుల వాటాను కూడా ఈ నిధి కిందే రాసేస్తున్నారన్న విమర్శ పాతదే, నిజమైనదే. అయినా అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంది. మైనారిటీలకు అలాంటి సబ్‌ప్లాన్ చట్టం తెలంగాణలో లేదు. మైనారిటీ డిక్లరేషన్ పేరుతో ఎన్నికల ముందు ఏం చెప్పినా, బడ్జెట్‌లో ఎంత పెట్టాలన్నది ఆ ఏడాది సర్కారు ఇష్టం.

మిగిలింది అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న. దళితుల్లోనే అట్టడుగున ఉన్నవాళ్లకు ఏం అందింది? 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఎస్సీల ఉపవర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి జస్టిస్ షమీమ్ అక్తర్‌తో ఏకసభ్య కమిషన్ వేసింది. ఆయన నివేదిక ఆధారంగా 59 ఉపకులాలను మూడు గ్రూపులు చేసి, 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి తెచ్చారు. అందరికన్నా వెనకబడ్డ 15 కులాలు మొదటి గ్రూపు, వాళ్లకు 1 శాతం. మాదిగలు ప్రధానంగా ఉన్న రెండో గ్రూపుకు 9, మాలలు ఉన్న మూడో గ్రూపుకు 5 శాతం. మొదటి గ్రూపు జనం ఎస్సీల్లో నూటికి మూడు పైచిలుకే. బేడ బుడగ జంగాలు, డక్కలి, మాంగ్, మష్టి, మెహతర్ లాంటివాళ్లు. ఊరూరా తిరిగేవాళ్లు, పాకీ పనిలో తరాలు గడిపినవాళ్లు. ఎమ్మెల్యే రాసే లిస్టులో వీళ్ల పేరు ఎలా వస్తుంది? ఓట్లు తక్కువ, సంఘం లేదు, కొందరికి స్థిరమైన అడ్రసే లేదు. ఉద్యోగాల్లో, సీట్లలో ఈ గ్రూపుల లెక్క వచ్చింది. స్వయం ఉపాధి పథకాల్లోనూ అదే లెక్క రావాలి కదా.

మెహతర్ అన్న పేరు దగ్గర ముస్లిం పాఠకులు కాస్త ఆగాలి. అదే వృత్తి చేసిన కుటుంబం హిందువైతే ఎస్సీ, ముస్లిమైతే బీసీ-ఏ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉన్నారు. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను ఈ విషయం మీదే వేసింది. ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి. ఇస్లాంలో కులం లేదు అనడం వేరు, మొహల్లాలో లేదు అనడం వేరు. లక్ష రూపాయల మైనారిటీ సాయంలో మెహతర్, ఫకీర్, గారడీ సాయిబుల ఇళ్లకు చేరినవి ఎన్ని? దళితవాడల లిస్టు మీద వేలెత్తే ముందు మైనారిటీ కార్పొరేషన్ లిస్టు కూడా చూడాలి. అందులోనూ పలుకుబడి ఉన్న బిరాదరీ ముందు నిలబడుతుంది, లేనోడు మస్జిద్ మెట్ల మీద కబురు విని ఊరుకుంటాడు.

2025లో కాంగ్రెస్ ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ యువతకు 4 లక్షల దాకా, మొత్తం 6 వేల కోట్లతో 5 లక్షల మందికి అన్నారు. 16 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. అంటే ముగ్గురిలో ఇద్దరికి రాదు. 50 వేల దాకా పూర్తి సబ్సిడీ, ఆపైన మొత్తం పెరిగేకొద్దీ సబ్సిడీ తగ్గుతుంది, మిగతాది బ్యాంకు. దళితబంధు తెంచిన ముడి మళ్లీ పడింది, దానికి తోడు ఇప్పుడు సిబిల్ స్కోరు. జూన్ 2న మంజూరు పత్రాలన్నారు, ఆ తేదీ వాయిదా పడింది.

16 లక్షల్లోంచి 5 లక్షలను తీయాలంటే వరస ఉండాలి. భూమి, ఆదాయం, ఇంట్లో చదువు, ఒంటరి మహిళ, వికలాంగులు: దేనికెన్ని మార్కులో ముందే ప్రకటించి, ప్రతి దరఖాస్తుకు వచ్చిన మార్కులతో లిస్టును గ్రామపంచాయతీ గోడ మీద, మున్సిపల్ వార్డు ఆఫీసులో అంటించవచ్చు. 2024 నవంబరులో ఇంటింటికీ తిరిగి చేసిన కులసర్వే వివరాలు సర్కారు దగ్గరే ఉన్నాయి. ముస్లింలలో బీసీలెందరో, మిగతావాళ్లెందరో కూడా అందులో లెక్కతేలింది. ఆ వివరాలతో దరఖాస్తులను సరిపోల్చడానికి ఏ ఎమ్మెల్యే సంతకమూ అక్కర్లేదు. దరఖాస్తు పెట్టినవాళ్లు, నంబరు కాగితం దాచుకున్నవాళ్లు, మండల ఆఫీసులో ఇప్పుడే అడగాల్సింది ఇది: మా నంబరుకు మార్కులెన్ని, మాకన్నా ముందున్నవాళ్లకు ఎన్ని?