కొత్త ఊరు, కొత్త మైదానం

రైలు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగువాళ్లకు బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సొంత ఊరైంది. 2001లో ఇక్కడ టీటీఈగా చేరిన రాంచీ కుర్రాడు మహేంద్రసింగ్ ధోనీకి రైల్వేవాళ్ల సెర్సా స్టేడియం ఆటస్థలమైంది. పరాయిచోట మనుషుల్ని కలిపే శక్తి ఆటకుంది.

అందుకే ఈ సంచిక ప్రయాణాల్లో ఆడే ఆటలది. వాటిలో డిస్క్ గోల్ఫ్ ముచ్చటైనది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు వెలిసింది. గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి పళ్లెంలాంటి డిస్కును వీలైనంత తక్కువ విసుర్లలో చేర్చాలి. చాలా పార్కుల్లో రుసుము ఉండదు. మొదలుపెట్టడానికి ఒక్క డిస్కు చాలు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దలు ఒక సాయంత్రం తప్పక ఆడిచూడాలి. చెట్ల మధ్య నడకా అవుతుంది, కొత్తవాళ్లతో మాటా కలుస్తుంది. ఆట నియమాలు లోపలి పేజీల్లో ఉన్నాయి.