బడి పండుగకు అమ్మానాన్నలు రావాలంటే



జూన్ 12న మన రాష్ట్రంలో బడులు తెరుచుకుంటాయి. మన కతోలిక ప్రాథమిక పాఠశాలల్లో విచారణ గురువులు, మఠకన్యలు, ఉపాధ్యాయులు కలిసి కూర్చుని ఏడాది పొడవునా జరగబోయే పండుగల పట్టిక వేసుకునే రోజులివి. జెండా వందనం ఎప్పుడు, ఆటల పోటీలు ఎప్పుడు, తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడు, వార్షికోత్సవం ఎప్పుడు అని తేదీలు రాసుకుంటారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల బడులను దృష్టిలో ఉంచుకుని ఈ నెల మన శీర్షికలో ఆ పట్టిక గురించే ముచ్చటించుకుందాం.

పట్టికలో తేదీ పక్కన వేళ కూడా ఉంటుంది. 'ఉదయం 10:30 గంటలకు' అని తేలికగా రాసేస్తాం. ఆ వేళకు ఎవరు రాగలరు, ఎవరు రాలేరు అన్నది ఆలోచించామా?

మెట్ట ఊరి పని రోజులు

పడమటి నెల్లూరు మెట్ట ప్రాంతం. ఒక పక్క వెలిగొండలు, మరో పక్క ఎర్రనేలలు. పెన్నానది మీద సోమశిల దగ్గర 78 టి.ఎం.సి.ల జలాశయం ఉంది. అయినా ఉదయగిరి వైపు పొలాలు చాలావరకు వానను, చెరువును, బోరును నమ్ముకున్నవే. సొంత సేద్యం చాలని ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూలికి పోవలసిందే.

ఆ కూలికి కూడా ఒక పట్టిక ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలు. ఆ నీటితో డెల్టాలో నాట్లు మొదలవుతాయి. మెట్ట ఊళ్ల ఆడవాళ్లు ముఠాలుగా కలిసి నాట్లకు పోతారు. జనవరి వచ్చిందంటే పొగాకు పని. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్లకు ఎత్తాలి. కలిగిరిలోనూ, మర్రిపాడు మండలం డి.సి.పల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయంటే ఈ పంట ఇక్కడ ఎన్ని ఇళ్లకు కూడు పెడుతున్నదో ఊహించవచ్చు. కొందరు మిరపకోతలకు గుంటూరు, ప్రకాశం జిల్లాలకు వలసపోతారు.

ఇప్పుడు రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బాలల దినోత్సవం, క్రిస్మస్ వేడుకలు నాట్ల రోజుల్లో వస్తాయి. వార్షికోత్సవం, ఐదో తరగతి వీడ్కోలు పొగాకు, మిరప పనుల రోజుల్లో పడతాయి. పదిన్నరకు సమావేశం పెడితే ఉద్యోగస్తులు, అంగళ్లవాళ్లు వస్తారు. కూలికి పోయే తల్లి మాత్రం తెల్లవారకముందే సద్ది మూట కట్టుకుని ఆటో ఎక్కేసి ఉంటుంది. "సిస్టరమ్మా, ఒక్క పూట ఆగినా ఆ రోజు కూలి పోతుంది" అని ఆమె చెప్పదు. రాకుండా ఊరుకుంటుంది, అంతే. మనం హాజరు పుస్తకం చూసి 'ఈ తల్లికి శ్రద్ధ లేదు' అనుకుంటాం. పనికి పోకుంటే ఆ పూట పొయ్యి వెలగదని మనకు తట్టదు.

ఎందుకింత పట్టింపు?

సమావేశానికి రాకపోతే ఏమైంది, పిల్లవాడు బడికి వస్తున్నాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. పిల్లవాడు బడికి రావడం మానేసే రోజున ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

జనవరిలో ఒక పిల్లవాడు వారం రోజులు కనిపించలేదనుకుందాం. అతని తండ్రి ఎక్కడికి పనికి వెళ్లాడో, ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఫోన్ చేయాలో టీచరుకు తెలిసి ఉంటే రెండో రోజే కబురు పంపవచ్చు. ఆ ఇంటి మనిషిని ఒక్కసారైనా చూసి ఉండకపోతే ఎర్రసిరాతో 'గైర్హాజరు' అని రాయడం తప్ప ఏమీ చేయలేం. పైగా తల్లి ఖాతాలో పడే సాయానికి, 2020లో మొదలైన అమ్మ ఒడికి అప్పట్లో ఉన్నట్టే, 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనానికి కూడా, 75 శాతం హాజరు నిబంధన ఉంది. పిల్లవాడు బడి మానితే చదువూ పోతుంది, ఆ సాయమూ పోతుంది.

రెండో ప్రమాదం ఐదో తరగతి దగ్గర. మన ప్రాథమిక పాఠశాల అక్కడితో ముగుస్తుంది. ఆరో తరగతికి పిల్ల మరో బడికి, తరచుగా మరో ఊరికి పోవాలి. ఆడపిల్ల అయితే 'ఇంక చాల్లే' అనే మాట ఇంట్లో వినబడేది అప్పుడే. ఆ మాటను ఆపగలిగింది తల్లితో బడికి ముందునుంచీ ఉన్న పరిచయమే.

శ్రీసభ చెప్పినదీ ఇదే. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటన బిడ్డలకు మొదటి గురువులు తల్లిదండ్రులేనని, పేదలకు విద్య అందించడం శ్రీసభ ముఖ్య బాధ్యత అని చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టం 796వ నిబంధనలో, ఉపాధ్యాయులు తల్లిదండ్రుల మాట ఇష్టంగా వినాలని, వారి సమావేశాలను ఏర్పాటు చేసి గౌరవించాలని ఉంది. వినాలంటే ముందు వాళ్లు మన ఎదుట ఉండాలి కదా! మన రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నింటిలో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశం జరిపింది. అందరూ గుర్తించిన అవసరమే ఇది. మనం ఆలోచించవలసింది వేళ గురించి.

లాంతరు వెలుగులో బడి

వెనక్కి తిరిగి చూస్తే ఈ పాఠం మన పెద్దలకు బాగా తెలుసు. 1875లో మిల్ హిల్ సభ గురువులు తెలుగు నేలకు వచ్చారు. 1928 జూలై 3న నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. విలియం బౌటర్ మొదటి మేత్రాణులు. ఆనాటి మేత్రాసనం చాలా పెద్దది. 1940లో గుంటూరు, 1976లో కడప వేరుపడ్డాయి. ఉదయగిరి, ఆత్మకూరుల్లో అయితే 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు కేంద్రాలు నెలకొల్పి చదువు చెప్పించారు.

ఏ సంఘమైనా, తెలుగు పల్లెల్లో మిషను బడి అంటే చాలాచోట్ల తాటాకు పాక, ఒక లాంతరు, ఒక ఉపదేశి. పగలంతా గొడ్లు కాచే పిల్లలు, పొలానికి పోయే పెద్దలు పొద్దుగూకిన తరువాత వచ్చి అక్షరాలు దిద్దేవారు. ఆనాడు బడి పని మనిషి వేళకు నడిచింది. ఇప్పుడు పక్కా భవనాలున్నాయి, కరెంటు దీపాలున్నాయి. ఆ పాత అలవాటును ఏడాదికి నాలుగైదు పూటలు మళ్లీ పాటించడం మనకు కష్టం కాదు.

రాబోయే పండుగలు

పట్టిక వేసేవారికి కొన్ని సూచనలు మనవి చేస్తున్నాం.

జూలై నాలుగో ఆదివారం: 2021లో ఫ్రాన్సిస్ పోపుగారు ఈ రోజును అవ్వాతాతల, వృద్ధుల ప్రపంచ దినంగా నిర్ణయించారు. జూలై 26న వచ్చే పునీత జొవాకీము, అన్నమ్మల పండుగకు ఇది దగ్గర. అమ్మానాన్నలు వలస వెళ్లినప్పుడు పిల్లలను చూసుకునేది అవ్వాతాతలే. ఆ ఆదివారం దివ్యపూజ అయ్యాక బడి ఆవరణలో వారిని కూర్చోబెట్టి, ఫోన్ నంబర్లు రాసుకుని, పిల్లల పుస్తకాలు వారి చేతిలో పెట్టండి. చదవడం రాని అవ్వ కూడా మనవరాలి రాత చూసి మురిసిపోతుంది. వలసలు మొదలయ్యే ముందే జరుగుతుంది కనుక, జనవరిలో ఈ పరిచయం పనికొస్తుంది.

ఆగస్టు 15: మరియమాత మోక్షారోపణ పండుగ, స్వాతంత్ర్య దినోత్సవం ఒకేరోజు. బడికి సెలవే గాని కూలిపనికి సెలవు లేదు. జెండా వందనం ఉదయం ఏడింటికే పెడితే పనికి పోయేవారు చూసి పోగలరు.

సెప్టెంబరు 5, 8: ఉపాధ్యాయ దినోత్సవం, కలకత్తా పునీత తెరెసా పండుగ ఒకేరోజు, ఆ తరువాత మరియమాత జన్మదిన పండుగ. మొదటి పరీక్షల మార్కులు చెప్పే సమావేశం ఈ వారంలో సాయంత్రం ఆరున్నరకు పెట్టుకోవచ్చు.

క్రిస్మస్: సెమీ క్రిస్మస్‌ను మనం సాయంత్రమే జరుపుతాం. చిన్నపిల్లలు దేవదూతలై, గొల్లలై వేదిక ఎక్కుతారు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చంకలో పసిబిడ్డతో తల్లులు వచ్చి నిలబడతారు. చూడగోరే మనసు వారికి ఉందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

వార్షికోత్సవం: తపస్సు కాలం మొదలుకాకముందే జరుపుకోవాలి కనుక సాధారణంగా జనవరి, ఫిబ్రవరిలో పెడతాం. రాత్రి పెట్టండి, త్వరగా ముగించండి. మరునాడు పనికి పోవాలి. అద్దె దుస్తులు తెచ్చుకోలేని పిల్ల వేదిక కింద కూర్చుండిపోకూడదు. తరగతి మొత్తం కలిసి పాడే పాటకు, కోలాటానికి ఇంట్లో ఉన్న బట్టలే చాలు.

బహుమతుల మాట కూడా చెప్పుకోవాలి. పట్నం నుంచి ప్లాస్టిక్ కప్పులు తెప్పించే బదులు ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఇవ్వకూడదా? దుర్గం కొండ చుట్టుపక్కల దొరికే నర్ది, బిక్కి, కల్ది కర్రతో మన పనివారు చెక్కే ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక బహుమతి మొదటి ర్యాంకుకు ఇస్తే, మరొకటి పనుల కాలంలోనూ ఒక్కరోజు మానకుండా బడికి వచ్చిన పిల్లకు ఇవ్వండి. ఆ గరిటె వారి వంటింట్లో రోజూ కనబడుతుంది.

ఐదో తరగతి వీడ్కోలు: ఫోటో, మిఠాయిలతో సరిపెట్టవద్దు. ఆరో తరగతిలో ఎక్కడ చేరుతున్నారో ప్రతి బిడ్డ పేరు పక్కన రాసుకున్న తరువాతే వీడ్కోలు. మర్రిపాడు మండలం కృష్ణాపురంలో జవహర్ నవోదయ విద్యాలయం మన దగ్గరలోనే ఉంది. ఐదో తరగతి చదువుతున్నవారే దాని ప్రవేశపరీక్ష రాయాలి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. తెలుగులో రాయవచ్చు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలోనే కనుక ఆ పరీక్షను నాలుగో తరగతిలో ఉండగానే రాయాలి. బి.సి.-సి వర్గానికి చెందిన క్రైస్తవ కుటుంబాలు కుల ధ్రువపత్రం ముందే తీసుకుని ఉంచుకోవాలి. ఇవన్నీ తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? సాయంత్రం పెట్టిన సమావేశంలో మనమే చెప్పాలి.

అందరి బడి

మన బడిలో చదివే పిల్లలందరూ క్రైస్తవులు కారు. హిందువులు, ముస్లిములు మన మీద నమ్మకంతో తమ బిడ్డలను పంపుతున్నారు. కనుక ఆదివారం పూజ తరువాత పెట్టే సమావేశాలకు వారికి వేరుగా కబురు చేయాలి. రంజాన్ నెలలో సాయంత్రం సమావేశం పెడితే ఉపవాసం విడిచే వేళ అడ్డం వస్తుంది. ఎ.ఎస్.పేట దర్గాలో గంధోత్సవం జరిగే రోజుల్లో చాలా ఇళ్ల వాళ్లు అక్కడే ఉంటారు. పట్టిక వేసేటప్పుడు ఇవన్నీ పక్కన రాసుకోవడం పొరుగువారిని గౌరవించడమే.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. బడివారు మీ వేళకు సమావేశం పెడితే తప్పక రండి. మాసిన చీర అని, చదువు రాదని సిగ్గుపడి వెనక నిలబడవద్దు. ముందు బల్ల మీద కూర్చుని, 'మా బిడ్డ ఎలా చదువుతున్నాడు టీచరమ్మా?' అని అడగండి. పనికి వేరే ఊరు పోవలసి వస్తే పోయేముందు బడిలో చెప్పి పొండి.

ఉపాధ్యాయులారా, సాయంత్రం సమావేశమంటే మీరు ఆఖరి బస్సు చూసుకోవాలి, ఇంట్లో మీ పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఆ శ్రమ మాకు తెలుసు. అందుకే ఏడాదికి నాలుగు పూటలే అడుగుతున్నాం. ఆ రోజుల్లో మధ్యాహ్నం కాస్త ముందుగా ఇంటికి వెళ్లి వచ్చే వీలు, తిరుగు ప్రయాణానికి ఆటో ఏర్పాటు యాజమాన్యం చూడాలని మనవి.

ప్రభువు చిన్నబిడ్డలను తన దగ్గరకు రానివ్వమన్నప్పుడు వారిని ఎత్తుకుని తెచ్చినవారు కూడా అక్కడే ఉన్నారు. మన బడి గేటు ఆ ఎత్తుకొచ్చే చేతులకు అందే వేళకు తెరిచి ఉండాలని ప్రార్థించుదాం. ఈ నెలలో పట్టిక వేసేటప్పుడు, ప్రతి తేదీ పక్కన వేళ రాసేముందు, ఊరిలో కూలికి పోయే నలుగురు తల్లులను అడిగి రాయండి.