సూదికి ముందు నాలుగు మాటలు

పోయిన నెల మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. ఎందుకంటే ఇందులో తప్పు నాది. కానీ ఇదే తప్పు మీలో చాలామంది చేస్తూ ఉంటారని నాకు గట్టి అనుమానం. అందుకే రాసేస్తున్నాను.

మా అత్తయ్యగారికి డెబ్భై ఒకటి. తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఉంటారు. షుగరు ఉంది, బీపీ ఉంది. కానీ ఆవిడ లెక్కలో అవి జబ్బులు కావు. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంటారు. ఆ రోజు ఫోన్లో గొంతు తేడాగా అనిపించి గుచ్చి గుచ్చి అడిగితే విషయం బయటికొచ్చింది. మూడు రోజుల నుంచి జ్వరమట. సాయంత్రమయ్యేసరికి రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగని వణుకు. నడుముకి కుడిపక్క పోటు. మూత్రానికి వెళ్తే మంట. ఏం తిన్నా వాంతి. "ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి రెండు సూదులు వేశాడులే అమ్మాయీ, తగ్గిపోతుంది" అన్నారు.

మావారూ నేనూ అప్పటికప్పుడు వెళ్లి గుంటూరు తీసుకొచ్చి ఆస్పత్రిలో చేర్పించాం. డాక్టరుగారు చూసి, "మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. వాంతులవుతున్నాయి కాబట్టి బిళ్లలు లోపల నిలవవు. ఇంజెక్షన్ యాంటీబయాటిక్ ఇవ్వాలి" అన్నారు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే మేం బిక్కమొహం వేశాం. "ఊళ్లో ఏం ఇంజెక్షన్లు వేశారు?"

అత్తయ్యగారేమో, "ఒకటి తెల్లగా ఉంది, ఇంకోటి నీళ్లలా ఉంది" అన్నారు. ఆయన నవ్వలేదు. మూత్రం కల్చర్‌కి పంపిస్తూ చెప్పారు. ఏ సూక్ష్మజీవి పెరుగుతోందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష అది. రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది. ముందే ఏదో యాంటీబయాటిక్ పడి ఉంటే పరీక్షలో ఏమీ పెరగకపోవచ్చు. అప్పుడు శత్రువెవరో తెలియకుండానే యుద్ధం చేయాలి. అందుకే శాంపిల్ ముందు తీసుకుని, ఇంజెక్షన్ ఆ తర్వాత వేస్తారట. ఊళ్లో వేసిన మందు పేరు ఓ చీటీ మీద రాయించుకుని ఉంటే ఆయనకి ఎంత ఉపయోగపడేదో!

అసలు సంగతి ఇకమీద ఉంది.

నర్సమ్మాయి ట్రేలో చిన్న గాజు సీసా పట్టుకొచ్చింది. లోపల తెల్లటి పొడి. మందు పేరు సెఫ్ట్రియాక్సోన్. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా వాడే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లలో ఇదొకటి. కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కీ, న్యుమోనియాకీ, టైఫాయిడ్‌కీ, మెదడు పొరల వాపుకీ కూడా ఇస్తారు. ఆ అమ్మాయి పొడిలో నీళ్లు కలుపుతూ, "మామ్మగారికి ఇదివరకెప్పుడైనా ఏ మందైనా పడలేదా అండీ?" అని అడిగింది.

"అబ్బే, అలాంటివేం లేవమ్మా" అన్నాను నేను. ఠకీమని. అత్తయ్యగారి మొహం వైపు కూడా చూడలేదు. ఇన్సూరెన్స్ కాగితాలు, బ్లడ్ రిపోర్టులు, బయట మావారి ఫోన్లు... నా హడావిడిలో నేనున్నాను. పైగా పాతికేళ్లుగా కోడలిని, ఆవిడ గురించి నాకు తెలియందేముంటుందని ధీమా.

ఆ అమ్మాయి మంచిది. నా జవాబుతో ఊరుకోలేదు. వంగి, ఆవిడ చెవి దగ్గర మళ్లీ అడిగింది. "మామ్మగారూ, ఎప్పుడైనా సూది వేశాక దద్దుర్లు రావడం, మొహం వాయడం ఏమన్నా జరిగిందా?"

అత్తయ్యగారు కళ్లు మూసుకునే చెప్పారు. "మీ మావయ్యగారు ఉన్నప్పుడు... గొంతు నొప్పికి పెన్సిలిన్ వేశారు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు ఇంత లావున వాచిపోయినయ్. రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచారు."

నా గుండె జారిపోయింది. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేంటత్తయ్యా?" అన్నాను.

"ఎవరడిగారు అమ్మాయీ?" అన్నారావిడ.

నర్సు సిరంజి ట్రేలో పెట్టేసి డాక్టరుగారిని పిలిచింది. ఆయన వచ్చి అన్నీ అడిగారు. ఎన్నేళ్ల క్రితం, సూది వేసిన ఎంతసేపటికి మొదలైంది, ఊపిరాడలేదా, తర్వాత మళ్లీ అలాంటి మందేదైనా వాడారా అని. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఒకే వంశం, అన్నదమ్ముల పిల్లల్లాంటివి. ఒకటి పడనివాళ్లకి రెండోది కూడా పడకపోయే అవకాశం ఉంటుంది. అది మనం భయపడేంత ఎక్కువ కాదు, అలాగని సున్నా కూడా కాదు. ఆ లెక్క డాక్టరు వేయాలి. రోగిని బట్టి, పాత రియాక్షన్ ఎంత తీవ్రమో దాన్ని బట్టి, ఆ మందే ఇవ్వాలా వేరేది మార్చాలా అని. లెక్క వేయాలంటే ఆయనకి విషయం తెలియాలి కదా!

మా విషయంలో ఆయన ఆ మందే ఇద్దామన్నారు. కానీ పద్ధతి మారిపోయింది. పక్కన ఎమర్జెన్సీ ట్రే వచ్చింది. అందులో అడ్రినలిన్ సిద్ధంగా పెట్టారు. తీవ్రమైన అలర్జీ వస్తే తొడ కండలో వెంటనే వేయాల్సింది అదేనట. మందుని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా అరగంట సేపు ఎక్కించారు. ఆయనా, నర్సమ్మాయీ పక్కనే నిలబడ్డారు. నేనైతే ఆ అరగంటా అత్తయ్యగారి పెదాల వైపే చూస్తూ కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఆవిడ హాయిగా నిద్రపోయారు. కానీ నా నోటి దురుసుతో, ఎవరూ చూడని వేళ, ఏ సిద్ధమూ లేకుండా ఆ మందు ఎక్కి ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ వదలడం లేదు.

"ముందు టెస్ట్ డోస్ వేస్తారుగా, అందులో తెలిసిపోదా?" అని మా ఆడపడుచు అడిగింది. నేనూ అదే అడిగాను. ముంజేతి మీద కొంచెం మందు వేసి చూసే ఆ పరీక్ష బాగుంటే అంతా బాగున్నట్టేనని గ్యారంటీ లేదట. అందుకే నోటితో చెప్పే చరిత్ర ముఖ్యం, ఇంజెక్షన్ తర్వాత కాసేపు కనిపెట్టుకుని ఉండటం ముఖ్యం.

ఆ వారం రోజులూ ఆస్పత్రిలో ఊరికే కూర్చోలేదు. దొరికినవాళ్లనల్లా అడిగి తెలుసుకున్నాను. మీకూ పనికొస్తాయి, వినండి.

ఇంజెక్షన్‌కి ముందు చెప్పాల్సినవి నాలుగు. ఒకటి, ఏ మందు పడలేదు, పడనప్పుడు ఏమైంది. రెండు, లివరు, కిడ్నీ జబ్బులు, ఇదివరకు యాంటీబయాటిక్ వాడితే తీవ్రంగా విరేచనాలు పట్టుకోవడం లాంటివి. మూడు, రోజూ వాడే మందులన్నీ. ముఖ్యంగా గుండె జబ్బుకి రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడుతుంటే తప్పక చెప్పాలి. ఈ యాంటీబయాటిక్‌తో దాని ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. నాలుగు, కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఆ సంగతి.

ఈ మందుకి ఇంకో పట్టింపు కూడా ఉంది. క్యాల్షియం ఉండే సెలైన్‌తో దీన్ని కలపకూడదు. రింగర్ లాక్టేట్ అని రాసి ఉండే సీసా అలాంటిదే. పురిటి పిల్లల విషయంలో ఇది మరీ ప్రమాదం. కండకి వేసేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకైన్ కలుపుతారు. అలా కలిపింది నరానికి ఎక్కించకూడదు. ఇవన్నీ ఆస్పత్రివాళ్లకి తెలిసినవే. ఇంట్లోనో, ఊళ్లో అరుగు మీదో ఎవరిచేతో సూది వేయించుకోకూడదని ఎందుకంటారో మాత్రం నాకు ఇవి విన్నాకే అర్థమైంది.

సూది వేశాక ఒళ్లు దురద, దద్దుర్లు, మొహం, పెదాలు, నాలుక వాయడం, ఆయాసం, కళ్లు తిరగడం... వీటిలో ఏది మొదలైనా "కాసేపు చూద్దాం" అనకండి. కేకేసి పిలవండి. సెలైన్ సూది ఉన్నచోట ఎర్రబడి వాచినా, మంట పుట్టినా చెప్పండి, చోటు మారుస్తారు. కాస్త విరేచనాలు కావడం మామూలే. కానీ నీళ్లలా పదే పదే అవుతుంటే, రక్తం పడితే, మందు ఆపేసిన కొన్ని వారాలకి మొదలైనా సరే, డాక్టరుకి చెప్పాలి. విరేచనాలు కట్టడానికి సొంతంగా బిళ్ల వేసుకోకూడదు. కుడి డొక్క కింద నొప్పి వచ్చినా చెప్పాలి. ఈ మందు కొందరిలో పిత్తాశయంలో మడ్డిలా పేరుకుంటుంది. మందు ఆపాక మామూలుగా అదే కరిగిపోతుందట.

ఒక తమాషా సంగతి చెప్తాను. ఈ సెఫ్ట్రియాక్సోన్ పుట్టింది ప్రయోగశాలలోనే అయినా, దాని మూలం మురుగునీళ్లలో ఉంది. 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రోత్సు అనే ఆయన, మురుగు సముద్రంలో కలిసేచోట తీసిన నీళ్లలో ఒక బూజుని పట్టుకున్నాడు. అది సూక్ష్మజీవుల్ని చంపుతోందని గమనించాడు. ఈ కుటుంబంలోని మందులన్నిటికీ ఆ బూజే మూలపురుషుడు. సరిగ్గా అదే 1945లో, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ నోబెల్ అందుకుంటూ ఒక హెచ్చరిక చేశాడు. చాలీచాలని మోతాదుల్లో వాడితే సూక్ష్మజీవులు మందుకి లొంగకుండా తయారవుతాయని. మందులు ఎన్నొచ్చినా ఆ మాట పాతబడలేదు.

మన దేశంలో ఈ ఇంజెక్షన్ హెచ్1 అనే జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. ఇలాంటి మందుల మీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు రాశారో, ఎవరికి అమ్మారో షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. మనమేమో జలుబు చేసినా "ఓ సూది వేసెయ్యండి డాక్టరుగారూ" అని మనమే అడుగుతాం. జలుబు, మామూలు ఫ్లూ వైరస్ వల్ల వచ్చేవి. వాటి మీద ఈ మందు పనిచేయదు గాక పనిచేయదు.

మూడోరోజుకి అత్తయ్యగారికి జ్వరం దిగింది. ఇడ్లీ తిన్నారు. తినగానే "ఇంక ఇంటికి పోదాం, డబ్బు దండగ" అని మొదలుపెట్టారు. అదృష్టం కొద్దీ కల్చర్ రిపోర్టు వచ్చింది. ఈ-కోలి అనే సూక్ష్మజీవి పెరిగింది. దానికి పనిచేసే బిళ్ల ఏదో కూడా తేలింది. వాంతులు ఆగాయి కాబట్టి సూది మానేసి బిళ్లలకి మార్చి, డాక్టరుగారు ఇంటికి పంపించారు. "జ్వరం తగ్గిందని మధ్యలో మానొద్దు. మిగిలిపోతే దాచి ఇంకొకళ్లకి ఇవ్వొద్దు. ఎన్ని రోజులని రాశానో అన్ని రోజులే. మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు" అన్నారు. బిళ్లలు అయిపోయేదాకా అత్తయ్యగారిని ఊరు పంపలేదు. రోజూ నా కళ్ల ముందే వేయించాను.

ఇంటికొచ్చిన రాత్రి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాను. అత్తయ్యగారి పేరు, షుగరు, బీపీ, రోజూ వేసుకునే బిళ్లలు. అడుగున ఎర్ర పెన్నుతో "పెన్సిలిన్ పడలేదు, దద్దుర్లు, పెదాల వాపు." దాని కిందే "సెఫ్ట్రియాక్సోన్ ఆస్పత్రిలో ఇచ్చారు, ఇబ్బంది రాలేదు." డాక్టరుగారికి చూపించే రాశాను. ఆవిడ దాన్ని మడిచి, ఆధార్ కార్డుతో పాటు చేతి సంచిలో పెట్టుకున్నారు. ఒక కాపీ మావారి ఫోన్లో ఉంది.

మర్నాడు మా అమ్మకి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. "సల్ఫా బిళ్లలు పడవే నాకు, నీకు తెలీదూ?" అంది. తెలీదు. నలభై ఆరేళ్లొచ్చాయి, మా అమ్మకి ఏ మందు పడదో నాకు తెలీదు.

ఈ ఆదివారం మీరూ మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. జవాబు మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం.