సేద్యపు కుంటల పొర: మందంతో పాటు అతుకునూ సిఫారసు చేయాలి

మెట్ట ప్రాంతాల ఉద్యాన పంటలకు సేద్యపు కుంట నమ్మకమైన ఆధారం. అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. అదీ కొద్ది రోజులలోనే కురిసిపోతుంది. ఎర్ర నేలలో తవ్విన కుంటలో ఆ నీరు ఎక్కువ కాలం నిలవదు కనుక లోపల ప్లాస్టిక్ లేదా రబ్బరు పొర పరచడం ఆవశ్యకమవుతోంది. పొర గురించి చెప్పేటప్పుడు 500 మైక్రాన్ల మందాన్ని, నేసిన హెచ్.డి.పి.ఇ. షీటుకు ఐ.ఎస్. 15351 ప్రమాణాన్ని పేర్కొనడం పరిపాటి. అయితే షీటు ముక్కలను పొలంలో ఎలా అతకాలి, అతికిన దానిని ఎవరు పరీక్షించాలి అనే విషయాలకు అంతటి ప్రాధాన్యం లభించడం లేదు. ఏప్రిల్‌లో చీనీ తోటకు అందవలసిన నీరు జనవరికే ఇంకిపోతే రైతు షీటును నిందిస్తాడు. మొదట పరిశీలించవలసినది మాత్రం అతుకును.

అతుకుల పొడవును లెక్కిస్తే సమస్య పరిమాణం అర్థమవుతుంది. పైన 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, 1.5:1 వాలు గల కుంటకు అడుగు భాగం 11 మీటర్ల చదరం అవుతుంది. ఒక్కొక్క వాలు పొడవు 5.4 మీటర్లు. గట్టుపై కందకంలో పాతడానికి ఇరువైపులా ఒక్కొక్క మీటరు కలిపితే సుమారు 24 మీటర్ల చదరపు షీటు కావాలి. 6.1 మీటర్ల వెడల్పు గల చుట్టలు వాడితే మూడు అతుకులు, అంటే 72 మీటర్లు సరిపోతాయి. అదే 2 మీటర్ల వెడల్పు చుట్టలైతే పన్నెండు అతుకులు, 288 మీటర్లు తప్పవు. నీటి అడుగున, 3 మీటర్ల లోతులో, ఒక అతుకు 10 సెం.మీ. పొడవున ఒక మిల్లీమీటరు విచ్చుకున్నదనుకుందాం. కింది నేల ఏమాత్రం అడ్డుకోకపోతే దాని గుండా రోజుకు సుమారు 40 వేల లీటర్లు పోగలవని జలశాస్త్ర సూత్రం చెబుతుంది. నేల అడ్డుకోవడం వల్ల వాస్తవ నష్టం ఇంతకన్నా తగ్గుతుంది. అయినా సుమారు 7.4 లక్షల లీటర్లు పట్టే ఈ కుంటకు అది చిన్న నష్టం కాదు.

అన్ని పొరలకూ ఒకే అతుకు పనికిరాదన్నది రెండవ విషయం. హెచ్.డి.పి.ఇ. వేడికి కరిగి, చల్లారాక మళ్లీ గట్టిపడే పదార్థం. దాని ఉపరితలానికి జిగురు నిలకడగా పట్టదు. కనుక వేడితో కరిగించి అతకడమే సరైన మార్గం. ఇ.పి.డి.ఎం. రబ్బరు ఇందుకు పూర్తిగా భిన్నం. తయారీలోనే వల్కనీకరణ చెందినందువల్ల అది వేడికి మళ్లీ కరగదు. దానికి ప్రైమరు పూసి, ప్రత్యేక అతుకు టేపు వేయాలి. పి.వి.సి.కి తగిన ద్రావణి జిగురు పనిచేస్తుంది. సైకిలు ట్యూబుకు పంక్చరు వేసే సొల్యూషన్‌ను ఈ మూడింటిలో దేనికీ శాశ్వత అతుకుగా నమ్మరాదు. ఈ భేదం తెలియని చోట కూలీలు చేతికందిన జిగురుతో పని ముగిస్తారు. తొలి నీటికి అతుకు నిలిచినట్లే కనిపించి, వేసవి ఎండలకు విడిపోతుంది.

రబ్బరు పొరలో అతుకు బలం శుభ్రతపై ఆధారపడుతుంది. షీటుపై తయారీలో చల్లిన పొడి, పొలం దుమ్ము పూర్తిగా తొలగించాలి. రెండు అంచులూ ఒకదానిపై ఒకటి 10 సెం.మీ. మేర పడేటట్లు పరచి, ప్రైమరు ఆరిన తరువాత టేపు వేసి, చేతి రోలరుతో గట్టిగా నొక్కాలి. మూడు షీటులు కలిసే చోట మూలలు గుండ్రంగా కత్తిరించిన అదనపు ముక్క వేయాలి. హెచ్.డి.పి.ఇ. విషయంలో జాగ్రత్త వేరు. అది ఎండకు బాగా సాగి ముడతలు పడుతుంది, రాత్రి కుదించుకుని అతుకును లాగుతుంది. కనుక ఉదయపు చల్లని వేళలోనే అతకడం, కొంత వదులు ఉంచి పరచడం మేలు. పొర ఏదైనా అతుకులు వాలు వెంట పై నుంచి కిందికి ఉండాలి గాని వాలుకు అడ్డంగా ఉండరాదు.

అతుకులు లేకుండా ఒకే షీటును కర్మాగారంలోనే తయారు చేయించవచ్చు గదా అనే వాదన సమంజసమైనదే. పైన చెప్పిన కుంటకు 500 మైక్రాన్ల హెచ్.డి.పి.ఇ. షీటు సుమారు 270 కిలోలు తూగుతుంది. పదిమంది కలిసి దానిని పరచగలరు. వీలున్న ప్రతిచోటా ఇదే మార్గాన్ని ప్రోత్సహించాలి. అదే కొలతలో ఒక మిల్లీమీటరు మందం గల రబ్బరు షీటు 700 కిలోల వరకు తూగుతుంది. ట్రాక్టరు మాత్రమే చేరగల పొలంలో దానిని గుంతలోకి దింపి సర్దడం కష్టం. పైగా చిరుగును పూడ్చడానికైనా, పొరను పెంచడానికైనా పొలంలో అతకడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

పరీక్ష పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అతికిన షీటు కొసల నుంచి ఒక పట్టీ కత్తిరించి చేతులతో విడదీసి చూడాలి. హెచ్.డి.పి.ఇ.లో షీటు చిరగాలే గాని అతుకు ఊడరాదు. రెండు వరుసల వెల్డింగ్ చేసే యంత్రాన్ని వాడితే వరుసల నడుమ గాలి నింపి, పీడనం తగ్గుతుందేమో కొన్ని నిమిషాలు గమనించవచ్చు. కుంట నిండిన తరువాత గట్టుపై ఒక తొట్టిలో నీరు పోసి, రెండింటి మట్టాల తగ్గుదలను కొన్నాళ్లు పోల్చాలి. కుంటలో తగ్గుదల గణనీయంగా ఎక్కువైతే నీరు కారుతున్నట్లే. మట్టం ఎక్కడ నిలిచిపోతుందో దాదాపు ఆ ఎత్తులోనే లోపాన్ని వెదకాలి.

కాబట్టి పొర సిఫారసులో మందం, ప్రమాణం పక్కనే మరి మూడు అంశాలు చేరాలి: షీటు వెడల్పును బట్టి అతుకుల మొత్తం పొడవు, ఆ పదార్థానికి తగిన అతుకు పద్ధతి, బిల్లు చెల్లింపునకు ముందు జరిపే పరీక్ష. రాయితీ మళ్లీ మళ్లీ అందేది కాదు కనుక ఆ పరీక్ష రైతు సమక్షంలో జరగాలి. వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు కుంట ఘనపరిమాణాన్ని లెక్కించడం నేర్చుకుంటారు. ఒక మీటరు అతుకును స్వయంగా వేసి, దానిని లాగి చూసే ప్రయోగం కూడా వారి పాఠ్యక్రమంలో ఉండాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు గ్రామీణ యువతకు ఈ పనిలో శిక్షణనిస్తే, అతుకు విడిన నాడు రైతు పట్టణం నుంచి మనిషి కోసం ఎదురుచూడవలసిన అవసరం తగ్గుతుంది.