తోటమాలి అడిగిన ఒక్క ఏడాది

మార్చి నెల వచ్చిందంటే విద్యార్థుల కన్నా ఎక్కువగా వణికేది ఉపాధ్యాయులే. ‘ఈసారి ఎంత శాతం?’ అన్న ప్రశ్న పై అధికారి నుండి హెడ్మాస్టరు గదికి, అక్కడి నుండి తరగతి గదికి దిగి వస్తుంది. మా సంఘంలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలున్నారు. జూన్‌లో అక్షరాలే గుర్తుపట్టలేని ఒక పిల్లవాడు ఆమె తరగతిలో మార్చి నాటికి చిన్నచిన్న వాక్యాలు కూడబలుక్కుని చదివాడు. నివేదికలో మాత్రం వాడు ‘వెనుకబడిన విద్యార్థి’గానే మిగిలాడు. ‘‘అయ్యగారూ, వీడు నడిచొచ్చిన దూరం రాయడానికి ఆ ఫారంలో గడే లేదు’’ అన్నారామె కళ్లనీళ్లతో.

2021లో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026–27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని, చిన్న లెక్కలు చేయగలగాలని లక్ష్యం పెట్టింది. మంచి లక్ష్యమే! మరి దానికి ఎవరు జవాబుదారీ? పిల్లల ఎదుగుదలను బట్టి టీచరు పనితీరును అంచనా వేయాలా? విశ్వాసులమైన మనం ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో చూడాలి. ఎందుకంటే మన సంఘాల్లో ఉపాధ్యాయులూ ఉన్నారు, ఆ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులూ ఉన్నారు.

అమెరికాలో అనేక చోట్ల ఒక పద్ధతి అనుసరించారు. విద్యాసంవత్సరం మొదట్లో పరీక్ష పెట్టి ఏ బిడ్డ ఎక్కడున్నాడో చూస్తారు. టీచరు, ప్రిన్సిపాల్ కూర్చుని ఏడాది చివరికి ఎక్కడిదాకా రావాలో రాసుకుంటారు. మధ్యలో ఒకసారి సరిచూసుకుంటారు. చివరికి ఎంత ఎదిగారన్నది టీచరు పనితీరు అంచనాలో చేరుతుంది. ఇందులో ఒక న్యాయముంది. యేసుప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానంలో (మత్తయి 25:14–30) యజమానుడు ఒకరికి ఐదు, ఒకరికి రెండు, ఒకరికి ఒకటి ఇచ్చాడు. రెండు తలాంతులవాడు మరో రెండే సంపాదించినా, ఐదు సంపాదించినవాడికి దక్కిన మెప్పే అతనికీ దక్కింది. ‘నువ్వెందుకు ఐదు తేలేదు?’ అని యజమానుడు అడగలేదు. ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడి నుండే లెక్క చూశాడు. ఉన్నదాన్ని పాతిపెట్టినవాణ్ణి మాత్రం విడిచిపెట్టలేదు!

మన నేల మీదే దీనికి ఒక సాక్ష్యముంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం ప్రారంభమైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాని ఫలితాలను 2011లో ప్రచురించారు. పిల్లలకు మొదట ఎన్ని మార్కులొచ్చాయో చూసి, అక్కడి నుండి సాధించిన పెరుగుదలను బట్టి కొన్ని బడుల్లో టీచర్లకు బోనసు ఇచ్చారు. రెండేళ్లలో ఆ పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ మిగతా బడుల పిల్లల కన్నా ముందుకెళ్లారు. విచిత్రమేమిటంటే టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు. బడికి వచ్చిన రోజున చేసే పని పెరిగింది. హోంవర్కు ఇచ్చారు, బడివేళల తర్వాత కూడా చెప్పారు, వెనుకబడిన పిల్లల్ని పట్టించుకున్నారు.

అయితే అదే కొలబద్ద కొరడాగా మారితే? అమెరికాలోని అట్లాంటా నగరంలో స్కూళ్లకు ఏటేటా పెరిగే మార్కుల లక్ష్యాలు పెట్టారు. అందుకుంటే బోనసులు, అందుకోకపోతే ఉద్యోగ భయం. 2011లో వెలువడిన విచారణ నివేదిక 44 పాఠశాలల్లో మోసం జరిగిందని తేల్చి, 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల పాత్రను బయటపెట్టింది. పిల్లలు రాసిన తప్పు జవాబులను చెరిపి ఒప్పు జవాబులు దిద్దింది విద్య నేర్పాల్సిన చేతులే! 2015లో 11 మందిని న్యాయస్థానం దోషులుగా నిర్ధారించింది. అందరికన్నా నష్టపోయింది ఎవరు? చదవడం రాకపోయినా కాగితాల మీద వచ్చినట్టు కనబడిన నిరుపేద పిల్లలు. అందాల్సిన సహాయం కూడా వారికి అందకుండా పోయింది. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం (11:1) ఊరికే హెచ్చరించలేదు. టీచర్ల అంచనాను పరీక్ష మార్కులతో ముడిపెట్టాలని రాష్ట్రాలను ఒత్తిడి చేసే అధికారాన్ని 2015 నాటి కొత్త చట్టం అమెరికా కేంద్ర ప్రభుత్వం చేతిలోంచి తీసేసింది.

మరైతే ఫలితం అడగకూడదా? నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, వృద్ధి దేవుడిచ్చాడని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 3:6). బద్ధకానికి ఈ మాటను అడ్డుపెట్టుకోకూడదు. నాటడం, నీళ్లు పోయడం మానేసినవాడికి వృద్ధిని గురించి మాట్లాడే హక్కు లేదు.

దీనికి చక్కని జవాబు లూకా 13:6–9లో ఉంది. మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమన్నాడు యజమాని. ఫలం అడగడం అతని హక్కే. తోటమాలి ఆ హక్కును కాదనలేదు. ఈ ఒక్క ఏడాది ఆగమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని బతిమాలుకున్నాడు. జాగ్రత్తగా గమనించండి. అతడు కాయలు కాయిస్తానని మాట ఇవ్వలేదు, తాను చేయగల పనికి మాట ఇచ్చాడు. బజారు నుండి పండ్లు తెచ్చి కొమ్మలకు కట్టి యజమానిని మోసం చేయాలనీ చూడలేదు! గొడ్డలికీ చెట్టుకూ మధ్య నిలబడి, పార పట్టుకున్నాడు.

ఉపాధ్యాయుల అంచనా ఇలా ఉండాలి. బిడ్డ ఎక్కడ మొదలుపెట్టాడో ముందు చూడాలి. లక్ష్యం రాసేటప్పుడు టీచరును పక్కన కూర్చోబెట్టుకోవాలి. తీర్పుకు ముందు ఎరువు, అంటే తర్ఫీదు, పుస్తకాలు, సమయం ఇవ్వాలి. ఒక్క ఏడాది, ఒక్క అంకె చూసి గొడ్డలి ఎత్తకూడదు. టీచరు కూడా ‘నా పిల్లలింతే’ అనకుండా, ఈ ఏడాది ఎవరి చుట్టూ ఎలా తవ్వుతానో చెప్పగలగాలి.

కాపరులమైన మేమూ ఈ పరీక్షకు అతీతులం కాము. ఈ ఏడాది ఎన్ని బాప్తిస్మాలు, ఎంత హాజరు అని నివేదికలు నింపుతాం. మన సండేస్కూలులో బైబిలు చదవలేని పిల్లలెందరో ఎప్పుడైనా లెక్కించామా? మిషనరీలు వచ్చిన తొలినాళ్లలో మన సంఘాల పక్కనే బడులు వెలిశాయి. ఇప్పుడు మన ఆలయాలు వారం పొడవునా సాయంత్రాలు ఖాళీగా ఉంటున్నాయి. చదువుకున్న యువతీ యువకులు ఒక్కొక్కరు ఒక్క బిడ్డ పక్కన అరగంట కూర్చుంటే చాలు, అదే ఎరువు. తల్లిదండ్రులారా, ‘ర్యాంకెంత?’ అని అడిగేముందు ‘నిన్న రానిది ఇవాళ ఏం వచ్చింది?’ అని మీ బిడ్డను అడగండి.

ఆ పిల్లవాడు కూడబలుక్కుని చదివిన వాక్యానికి ఫారంలో గడి లేకపోవచ్చు. వృద్ధి కలుగజేసే దేవుడు మాత్రం దాన్ని మరచిపోడు. మనుషుల లెక్కల్లోనూ దానికి చోటు దొరికేలా చూసే బాధ్యత మనది. ప్రభువు మన చేతులకు పారనిచ్చునుగాక, ఆమెన్.